వెండితెర వంటిల్లు: మిసో చేప - రెండు రాత్రుల సస్పెన్సు!

జపాన్ దర్శకుడు యసుజిరో ఒజు 1962లో తీసిన ఆఖరి చిత్రం పేరు 'సన్మా నో అజి'. అంటే 'సన్మా చేప రుచి' అని. పేరు చూసి నోరూరించుకుంటూ కూర్చున్నారో, దెబ్బతిన్నారే! సినిమా మొత్తమ్మీద సన్మా చేప ఒక్క షాట్‌లోనూ కనబడదు. విందులో ముసలి మాష్టారు లొట్టలేసుకుంటూ తినేది కూడా హమో అనే వేరే చేప. మిగతా కథంతా కూతురికి పెళ్ళిచేసి పంపి ఒంటరివాడైపోయిన ఓ తండ్రిది.

అక్కడ చేప కనబడకుండా రుచి మిగిలింది. ఈ వారం మన వంటకంలో చేప కనబడుతుంది గానీ, దానికి రుచినిచ్చినవాడు మాత్రం పొయ్యి దగ్గరకొచ్చేసరికి తప్పుకుంటాడు. ప్లేబ్యాక్ గాయకుడన్నమాట... పాట వినబడాలి, మనిషి కనబడకూడదు! ఆ తెరవెనక గాయకుడి పేరు మిసో. వంటకం పేరు సైక్యో యాకి.

యాకి అంటే కాల్చడం. సైక్యో అంటే పడమటి రాజధాని. 1868లో ఎడో నగరం పేరు మార్చి టోక్యో, అంటే తూర్పు రాజధాని, అన్నాక పాత రాజధాని క్యోటోని కొందరు అలా పిలిచారు. క్యోటో సముద్రానికి దూరం. వకాసా తీరంలో పట్టిన కానాగంతల జాతి చేపలకి ఉప్పు పట్టించి, కొండదారుల వెంట భుజాల మీద మోసుకొచ్చేవాళ్ళు. ఆ దారికి 'సబ కైదో' అని పేరే ఉంది, కానాగంతల బాట అని! తాజా చేప సులువుగా దొరకని ఊరు కనకే చేపని ఊరబెట్టడంలో అంత చెయ్యి తిరిగింది.

మిసో అంటే ఉడికించిన సోయా గింజలూ, ఉప్పూ, కోజి అనే బూజు పట్టించిన బియ్యమూ కలిపి పులియబెట్టిన ముద్ద. క్యోటో వాళ్ళ తెల్ల మిసోలో బియ్యం పాలు ఎక్కువ, ఉప్పు తక్కువ, అంచేత తియ్యగా ఉంటుంది. ఇప్పుడు పెద్ద సూపర్ మార్కెట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. ఎర్ర మిసో మాత్రం తేకండి, ఉప్పు కషాయం అవుతుంది.

మరి చేప? క్యోటో వాళ్ళు దీనికి బాగా వాడేది సవారా. అదెవరో కాదు, మన వంజరానికి దగ్గర చుట్టం! శాస్త్రజ్ఞుల లెక్కలో ఇద్దరి ఇంటిపేరూ ఒకటే: స్కాంబెరొమోరస్. కనక విశాఖలోనో, కాకినాడలోనో ఉన్నవాళ్ళకి దిగుల్లేదు.

రెండు సెంటీమీటర్ల మందంలో నాలుగు ముక్కలు తీసుకోండి. పైన పల్చగా ఉప్పు చల్లి అరగంట వదిలేస్తే నీరు ఊరుతుంది. నీచంతా ఆ నీటిలోనే ఉంటుంది, శుభ్రంగా తుడిచేయండి. 200 గ్రాముల మిసోలో రెండేసి చెంచాల మిరిన్, సాకే కలపండి. రెండూ బియ్యపు మద్యాలే. వద్దనుకుంటే చెంచాడు పంచదార కాసిని నీళ్ళలో కరిగించి పోయండి. ముక్కల్ని పల్చటి మల్లు గుడ్డలో చుట్టి, అటూ ఇటూ మిసో మెత్తి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక రాత్రి చాలు, రెండు రాత్రులైతే భేష్.

ఫ్రిజ్‌లోనే సుమా! వంజరం, కానాగంత లాంటివి వేడిలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా, వేయించినా అది పోదు. ఒళ్ళు ఎర్రబడి, తలనొప్పీ వాంతులూ పట్టుకుంటాయి. పాతబడ్డ చేపని మిసో బాగుచేస్తుందనుకోవద్దు. వాసన కప్పుతుందేమో గానీ, రోగాన్ని ఆపదు. కరెంటు పోయి ఫ్రిజ్ గంటలకొద్దీ ఆగిపోయిందా, ఎంత ఖరీదైన చేపైనా పారేయడమే.

ఇక క్లైమాక్సు. ముక్క మీది మిసో అంతా వేలితో తీసేసి, కాగితంతో తుడిచెయ్యాలి. "పట్టించిన మసాలా గీకేస్తావేమిట్రా!" అని అమ్మ కేకేస్తుంది. మన వేపుడులో మసాలాయే హీరో కదా మరి! కానీ మిసోలో తీపి ఉంది, మంట తగిలితే నిమిషంలో బొగ్గు. లోపల ముక్క పచ్చిగానే ఉంటుంది. పెనం మీద కాస్త నూనె రాసి, చిన్నమంట మీద, మూతపెట్టి, ఒక్కోవైపు నాలుగు నిమిషాలు. బంగారు రంగొస్తే దించెయ్యండి. వేడన్నంతో తినండి, పక్కన తురిమిన ముల్లంగి ఉంటే ఇంకా మంచిది.

అన్నట్టు, ఈ వంటకానికి హాలీవుడ్ చుట్టరికం కూడా ఉంది. నోబు మత్సుహిసా 1987లో బెవర్లీ హిల్స్‌లో పెట్టిన రెస్టారెంటులో బ్లాక్ కాడ్ చేపని ఇలాగే మిసోలో ఊరబెట్టి వడ్డించేవాడు. అది తిని ముగ్ధుడైనవాళ్ళలో రాబర్ట్ డి నీరో ఒకడు. న్యూయార్క్‌లో కలిసి హోటల్ పెడదాం రమ్మంటే నోబు ఒప్పుకోలేదు. నాలుగేళ్ళు ఆగి మళ్ళీ అడిగాడట! 1994లో 'నోబు' తెరిచారు. మనకి రెండు రాత్రులు ఆగడం కష్టమా?

అంత ఓపిక లేనివాళ్ళకి యువాన్ యాకి ఉంది. సోయా సాస్, సాకే, మిరిన్ సమపాళ్ళలో కలిపి, జపాన్ నిమ్మ యుజుకి బదులు రెండు దబ్బకాయ చక్రాలు వేసి, అరగంట నానబెట్టండి చాలు. తుడిచి కాల్చడం ఇక్కడా తప్పదు. మిగిలిన రసాన్ని బాగా మరగనిచ్చి, దించేముందు ముక్క మీద రెండుసార్లు పూస్తే నిగనిగలాడుతుంది.