మందు పనిచేసిందని ఎప్పుడనాలి?

కిందటి వర్షాకాలంలో జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి ఎనిమిదో నెల గర్భిణి నొకామెను ఆసుపత్రికి తీసుకువచ్చారు. తొలిచూలు. కాళ్ళకూ మొహానికీ వాపు, రక్తపోటు 170/110, మూత్రంలో ఆల్బుమిన్. మందులు పడ్డాయి. తెల్లవారేసరికి పోటు 140/90కి దిగింది. అత్తగారు అప్పుడే మూట సర్దేసింది. "బి.పి. తగ్గింది గద సారూ, ఇంటికి తోల్కపోతం" అన్నది.

"అమ్మా, మీరు వచ్చింది బి.పి. తగ్గించుకోవడానికా, తల్లినీ బిడ్డనూ క్షేమంగా ఇంటికి తీసుకుపోవడానికా?" అని అడిగాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి మూట విప్పింది. ఆ సాయంత్రమే కోడలికి భరించరాని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు, రొమ్ము కింద నొప్పి మొదలయ్యాయి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఇచ్చి సంగారెడ్డి పంపించాము. తల్లీ, నెలలు నిండని బిడ్డా, ఇద్దరూ దక్కారు.

ఈ జబ్బును ప్రీ ఎక్లాంప్సియా అంటారు. సాధారణంగా గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు 140/90 గాని అంతకు మించిగాని వుండి, దానితోపాటు మూత్రంలో ఆల్బుమిన్ పోవడమో, మూత్రపిండాలు, కాలేయం వంటివి దెబ్బతినడమో జరుగుతుంది. ముదిరి మూర్ఛలు వస్తే అది ఎక్లాంప్సియా, మనవారు గుర్రపువాతమంటారు. జబ్బుకు మూలం మాయలో వుంది. రక్తపోటు దాని గుర్తులలో ఒకటి మాత్రమే. అంకె దిగినంత మాత్రాన జబ్బు దిగినట్టు కాదు.

నేనా అత్తగారిని అడిగిన ప్రశ్న డాక్టర్లు తమను తాము కూడా వేసుకోవలసిందే. ఒక మందు పనిచేసిందని దేనిని చూసి చెప్పాలి?

పైన చెప్పిన మెగ్నీషియం సల్ఫేట్‌నే తీసుకోండి. మూర్ఛలకు ఒకప్పుడు కొందరు డయజిపామ్ వాడేవారు, కొందరు ఫెనిటాయిన్. ఎవరి మందు వారికి గొప్ప. 1995లో, మన దేశపు ఆసుపత్రులు కూడా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధనలో, మళ్ళీ మూర్ఛలు ఎందరికి వచ్చాయో లెక్కపెట్టారు. ఆ రెంటికంటె మెగ్నీషియమే మేలని తేలింది. 2002లో 33 దేశాలలో పదివేల మందికి పైగా స్త్రీలపై జరిగిన మాగ్‌పై పరిశోధనలో, మూర్ఛలు రాకముందే ఈ మందు ఇస్తే వాటి ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని రుజువైంది. గమనించండి: ఇది బి.పి. తగ్గించడానికి ఇచ్చే మందు కాదు. అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పివుంటే, ప్రాణాలు నిలిపే మందును పక్కన పారేసేవాళ్ళము!

మన పొరుగున నాగపూర్ ప్రభుత్వాసుపత్రులలో రెండు మంచి పరిశోధనలు జరిగాయి. రక్తపోటు వున్న 602 మంది గర్భిణులలో నొప్పులు తెప్పించడానికి మాత్ర మేలా, ఫోలీ గొట్టం మేలా అని చూసినది 2017లో వెలువడింది. 24 గంటలలో మామూలు కాన్పు అయిందా అన్నది అందులో ముఖ్యమైన కొలత. పోటు బాగా హెచ్చిన 894 మందికి మూడు రకాల నోటి మందులిచ్చి చూసినది 2019లో వచ్చింది. అక్కడ కొలత, ఆరు గంటలలో పోటు ప్రమాదం లేకుండా అదుపులోకి వచ్చిందా అన్నది. ప్రశ్న మారితే ముఖ్యమైన కొలత మారడం సహజమే. చిక్కు ఎక్కడంటే, తల్లి మూత్రపిండాలకేమైంది, బిడ్డ ఊపిరికేమైంది అన్నవి ఒకరు రాసి మరొకరు రాయకపోతే నలుగురి ఫలితాలూ కలిపి చూడలేము. అంగడిలో ఒకడు శేరుతో, ఒకడు సోలతో, ఇంకొకడు గంపతో కొలిస్తే మొత్తం శనగలెన్నో ఎవరు చెప్పగలరు?

ఈ చిక్కు విప్పడానికి 56 దేశాల వైద్యులు, పరిశోధకులు, ఈ జబ్బు పడి లేచిన స్త్రీలు కలిసి కూర్చున్నారు. 79 పరిశోధనలు వెతికి, 30 మంది స్త్రీలతో మాట్లాడి, మొదట 116 అంశాలు పోగుచేశారు. వడపోసి 22 నిలిపారు. 2020లో ప్రకటించారు. ప్రీ ఎక్లాంప్సియా చికిత్సపై ఎవరు పరిశోధించినా కనీసం ఇవి తప్పక చెప్పాలన్నమాట.

తల్లికి సంబంధించినవి 14: మరణం, మూర్ఛలు, పక్షవాతం, చూపు పోవడం, ఊపిరితిత్తులలో నీరు చేరడం, మూత్రపిండాలు, కాలేయం చెడడం, కాన్పుకు ముందే మాయ విడిపోవడం, కాన్పయ్యాక అధిక రక్తస్రావం, ప్లేట్‌లెట్లు పడిపోవడం వంటివి. బిడ్డకు సంబంధించినవి 8: కడుపులోనే పోయిందా, ఎన్నో వారంలో పుట్టింది, ఎంత బరువు, ఊపిరికి యంత్రం సాయం కావలసివచ్చిందా మొదలైనవి. బి.పి. అంకె మాత్రం ఈ జాబితాలో లేదు!

అలాగని బి.పి. చూపించుకోవద్దని అర్థం చేసుకునేరు సుమా! జబ్బును పట్టి ఇచ్చేది అదే. ప్రతి పరీక్షలో పోటు, మూత్రం తప్పక చూపించుకోండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, రొమ్ము కింద నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి వాపు, బిడ్డ కదలిక తగ్గడం, రక్తస్రావం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. కాన్పుతో గండం గడిచిందనీ అనుకోవద్దు. మూర్ఛలు పురిటిలోనూ రావచ్చు. డాక్టరు చెప్పిన రోజున బాలింతకు మళ్ళీ పోటు చూపించండి.

ఇక ముందు గర్భిణుల బి.పి.కి కొత్త మందు వచ్చిందని పత్రికలో చదివితే, "అంకె ఎంత తగ్గింది?" అని ఆగిపోకండి. "తల్లి ఎలా వుంది? బిడ్డ ఎలా వుంది?" అని అడగండి. పురుడు పోసుకున్న ఇంటికి వెళ్ళి మన పెద్దవాళ్ళు మొదట అడిగేదీ అదే కదా!