ఈ చాకు ఎందుకు?

తెల్లవారుజామున అఫ్జల్‌గంజ్‌లో ఎంతమంది ఆడవాళ్ళ దగ్గర చాకు ఉంటుందో గమనించండి. తోపుడు బండి మీద బొప్పాయి కోసి అమ్మే ఆమె దగ్గర ఉంటుంది. బేగంబజారులో మూటల తాళ్ళు కోసే ఆమె దగ్గర ఉంటుంది. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్న భర్త కోసం వచ్చి, రాత్రి ఆరుబయటే పడుకునే ఆమె సంచిలోనూ ఉంటుంది. వీళ్ళని సాయుధులని మనం అనుకోం. పోలీసులు అనుకోవచ్చు.

అసలు చట్టం ఏమంటోంది? 1959 ఆయుధాల చట్టం ప్రకారం, తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు అన్నిచోట్లా అక్కర్లేదు. నాలుగో సెక్షను కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతంలో, అందులో పేర్కొన్న రకాలకే కావాలి. 1962 నియమాల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నియమాల్లోనూ కత్తికి కొలత ఉంది: బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉండాలి. ఇంటిపనికీ వ్యవసాయానికీ పరిశ్రమకూ తయారైనవి అందులోకి రావు. అంటే వస్తువు దేనికోసం తయారైందని చట్టం అడుగుతోంది. పళ్ళు కోసే చాకు ఈ లెక్కలోకి రానే రాదు. అలాగని చిన్నదైతే ఎక్కడైనా ఫరవాలేదనుకోవద్దు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ బటన్ నొక్కితే తెరుచుకునే మూడంగుళాల చాకును కూడా పట్టుకుంది.

మన నగరంలో దీనికి తోడు నిజాం కాలపు హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ ఉంది. పండగలకూ ఊరేగింపులకూ ఎన్నికలకూ ముందు ఆయుధాలు, కర్రలు పట్టుకు తిరగరాదని కమిషనర్ ఉత్తర్వులు వచ్చేది దాని కిందే. గణేశ్ నిమజ్జనం ఊరేగింపు అఫ్జల్‌గంజ్ మీదుగానే పోతుంది. ఆ రోజు బండి దగ్గర ఆమె చాకు పనిముట్టా, ఆయుధమా? తేల్చేది ఎదురుగా నిలబడ్డ కానిస్టేబులు. చట్టం వస్తువును చూస్తే అతను మనిషిని చూస్తాడు. పేరు, బట్ట, బస్తీ చూస్తాడు. 1990 డిసెంబరు మతకల్లోలాల్లో పాతబస్తీ చూసిన కత్తిపోట్లను ఎవరూ మరిచిపోలేదు, ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ దాని బరువు ఇప్పటికీ ముస్లిం కుర్రాళ్ళ జేబుల మీదే పడుతోంది. ఈ మాట మనం, స్త్రీల సంఘాల వాళ్ళం, గట్టిగా అనడం లేదని నా ఫిర్యాదు.

ఇక స్త్రీల విషయం. "ఇదెందుకు?" అని అడిగితే "పళ్ళు కొయ్యడానికి" అనే ఆమె గండం గడుస్తుంది. "చీకట్లో రావాలి, భయం" అని నిజం చెప్పిన ఆమె అనుమానితురాలవుతుంది. విడ్డూరం ఏమిటంటే, అత్యాచారం చేయబోయేవాడిని ఎదిరించడంలో అతని ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే అని 1860 శిక్షాస్మృతి వందో సెక్షను చెప్పింది. 2013లో యాసిడ్ దాడినీ అందులో చేర్చారు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 38వ సెక్షను. దాడి జరుగుతున్న క్షణంలో అంత పెద్ద హక్కు ఇచ్చిన రాజ్యం, ఆ క్షణానికి ముందు ఆమె చేతిలో ఏముండొచ్చో చెప్పదు.

అందుకని ఆడవాళ్ళకు కత్తులు పంచుదామనే వాళ్ళతో నేను ఏకీభవించను. 2013 జనవరిలో ముంబయిలో శివసేన పంచింది. మరుసటి ఏడాది కాన్పూర్ ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది, ధర లక్షా 22 వేలు! బొప్పాయి అమ్మే ఆమెకా అది? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత మన మెట్రో రైల్లో స్త్రీలు పెప్పర్ స్ప్రే తీసుకెళ్ళొచ్చన్నారు. మంచిదే. అయితే వీధి దీపాలు, మరుగుదొడ్లు, రోగుల వెంట వచ్చే ఆడవాళ్ళు పడుకునేందుకు తలుపున్న గది, ఇవన్నీ రాజ్యం పూచీ. ఆ పూచీని తీసి ఆమె సంచిలో పెట్టి, ఆ సంచినే సోదా చేయడం ఏం న్యాయం?

ఈలోగా బస్తీల్లో పనిచేసే మన కార్యకర్తలు కొన్ని విషయాలు అందరికీ చెప్పాలి. స్త్రీని సోదా చేయాల్సి వస్తే మర్యాదకు భంగం రాకుండా స్త్రీయే చేయాలి. అరెస్టు చేసినప్పుడు తీసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలి. వస్తువు స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలని 2023 నాటి నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షను అంటోంది. కమిషనర్ ఉత్తర్వులను తెలుగులో, ఉర్దూలో బజారు గోడలమీద అతికించాలనీ, పనిముట్లకు మినహాయింపు అందులో స్పష్టంగా రాయాలనీ అడుగుదాం. వచ్చే నిమజ్జనానికి ముందే అడగాలి. చాకు పోయిన రోజు ఆమెకు బేరం కూడా పోతుంది.