తుపాకి లైసెన్సు: తనిఖీ కాగితానికా, మనిషికా?

మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, తెల్లారేసరికి చేను నేలకు పరుచుకొని ఉంటుంది. ఈ సంగతి మన సభ్యులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచె మీద డబ్బా కొట్టి, టపాసులు కాల్చి, చేను చుట్టూ పాత చీరలు కట్టి, ఏదీ పని చేయక చివరికి తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్న రైతులు మనలో ఉన్నారు. వాళ్లను ఏళ్ల తరబడి తిప్పుతున్న ఆఫీసులు చెప్పే జవాబు ఒక్కటే: ప్రజల భద్రత. ఈసారి ఆ మాటనే పరీక్షకు పెడదాం.

ముందే చెబుతున్నాం. ఊరూరా తుపాకులు పంచమని మేము అడగడం లేదు. తనిఖీ ఎత్తేయమని అంతకన్నా అనడం లేదు. తనిఖీ పేరుతో జరుగుతున్నది తనిఖీ కాదన్నదే మా వాదన.

1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైన రైతుకు భర్మారు తుపాకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. భర్మారుతో పని కాదని అధికారికి నమ్మకం కలిగితే వేరే తుపాకికీ ఇవ్వొచ్చు. ఆస్తి చాలదన్న ఒక్క సాకుతో కాదనకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. కాదంటే కారణం రాతలో పెట్టాలి. ఠాణా రిపోర్టు గడువులోపు రాకపోతే దాని కోసం ఆగకుండానే అధికారి నిర్ణయం తీసుకోవచ్చు. ఈ చివరి మాట రైతుకు మేలు చేసేదిలా కనిపిస్తుంది. కానీ మనిషి ఎలాంటివాడో ఎవరూ చూడకుండానే అతని చేతికి తుపాకి పోయే సందు కూడా అదే. మాకు తెలిసిన ఏ రైతుకూ ఆ సందు తెరుచుకోలేదు. పలుకుబడి ఉన్నవాడికి తెరుచుకోదని ఎవరు పూచీ ఇస్తారు?

ఇక రిపోర్టు వచ్చినప్పుడు అది ఎలా తయారవుతుందో మేము కళ్లారా చూశాం. కానిస్టేబుల్ ఊరికి వస్తాడు, హోటల్ దగ్గర చాయ్ తాగుతాడు, "ఈయన మంచోడేనా?" అని ఇద్దర్ని అడుగుతాడు, కేసులేమీ లేవని రాసుకొని పోతాడు. దరఖాస్తుదారుడి ఇంటి గడప తొక్కడు. తాగి కొట్టే అలవాటుందా, గట్టు తగాదా నడుస్తోందా, తుపాకి పెట్టడానికి తాళం పడే పెట్టె ఉందా? ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. 2016 నిబంధనల ప్రకారం ఆరోగ్య సర్టిఫికెట్టు, తుపాకి వాడకంలో శిక్షణ సర్టిఫికెట్టు కూడా కావాలి. మంచిదే. ఆ శిక్షణ ఎక్కడిస్తారని మేము ఒక ఆఫీసులో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవలో, మున్సిపాలిటీకి వైస్ చైర్మన్‌గా చేసిన ఒక నాయకుడు పట్టపగలు రివాల్వర్ తీసి కాల్చాడు. గాయపడ్డవాళ్లలో ఒకరు తర్వాత చనిపోయారు. అది దొంగ తుపాకి కాదు, లైసెన్సు ఉన్న తుపాకి. అంటే ఠాణా రిపోర్టు, అధికారి సంతకం, ముద్ర అన్నీ దాటి వచ్చింది.

ఇంకా పెద్ద సంగతి జమ్ము కశ్మీర్‌ది. 2012 నుంచి 2016 వరకు అక్కడి జిల్లాల్లో 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అడ్డదారిన ఇచ్చారని సీబీఐ తేల్చింది. డబ్బు తీసుకొని, అక్కడ నివాసమే లేనివాళ్లకు కూడా రాసిచ్చారన్నది అభియోగం. ఐఏఎస్ అధికారులు అరెస్టయ్యారు. చట్టం అదే, దరఖాస్తు అదే. మన దగ్గర నాలుగెకరాల రైతును అడిగే పట్టా పాసుబుక్కు, పంచనామా, నష్టం రిపోర్టు అక్కడ ఎవర్ని అడిగారు?

అడవి అంచు ఊళ్ల పరిస్థితి వేరే చెప్పాలి. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం నుంచి 10 కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం ఉండాలి. వేటగాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన అది, దాన్ని మేము తప్పు పట్టం. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, దానికి అటవీ అనుమతి వేరే కావాలి. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలి. అయితే కవ్వాల్ చుట్టుపక్కల, ఏటూరునాగారం చుట్టుపక్కల పందులు దిగేది సరిగ్గా ఆ 10 కిలోమీటర్లలోనే. ఫైలు పోలీసు నుంచి అటవీ శాఖకు, అక్కడి నుంచి వెనక్కి నడిచేలోపు రెండు పంటలు పోతాయి.

అప్పుడు రైతు ఏం చేస్తున్నాడు? ఎక్కడో చేయించిన నాటు తుపాకి తెచ్చుకుంటున్నాడు. దానికి నంబరు లేదు, పేలితే గుండు ముందుకు పోతుందో గొట్టం పగిలి ముఖం మీదికి వస్తుందో తెలియదు. లేదా చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. ఆ తీగకు పందులే కాదు, పులులూ చచ్చాయి, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతులూ చచ్చారు. తీగ లాగినవాడు జైలుకు, తగిలినవాడు కాటికి. దేశంలో పట్టుబడే తుపాకుల్లో అత్యధికం లైసెన్సు లేనివేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నాయి. చట్టం గడప దగ్గరికి వచ్చినవాణ్ణి విసిగించి పంపేస్తే, వాడి చేతిలోకి వచ్చే ఆయుధం మీద ఇక ఎవరి తనిఖీ ఉంటుంది?

ఎన్నికలొస్తే మరో తంతు. 2023 అసెంబ్లీ ఎన్నికలకు అక్టోబరు 9న కోడ్ వచ్చింది, పోలింగు నవంబరు 30న. చేలల్లో పంట ఉన్న రోజులే అవి. తుపాకి ఠాణాలో అప్పజెప్పమన్నారు. ఎవరి తుపాకి తీసుకోవాలో స్క్రీనింగ్ కమిటీ విడివిడిగా చూడాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. బెయిలు మీద ఉన్నవాడు, అల్లర్ల చరిత్ర ఉన్నవాడు, చేను కాపలా రైతు, అందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం ఎస్సైకి సులువు.

ఇప్పుడు మనకే చేదుగా ఉండే మాట. అప్పుల్లో మునిగిన ఇంట్లో పురుగుమందు డబ్బా ఏం చేస్తుందో మనం చూశాం. ఆ ఇంట్లో తుపాకి ఉంటే? దరఖాస్తు పెట్టిన నాడు ధైర్యంగా ఉన్న మనిషి రెండు కరువుల తర్వాత అలాగే ఉంటాడా? 2019 సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లయింది. మధ్యలో ఇంటికొచ్చి చూసేవాడు లేడు. లైసెన్సుదారు చనిపోతే తుపాకి అటక మీదే ఉండిపోయిన ఇళ్లు మాకు తెలుసు. మన పిల్లలు వెళ్లి స్థిరపడుతున్న కెనడాలో తుపాకి లైసెన్సు అడిగితే భార్యకు గానీ భర్తకు గానీ ఆ సంగతి తెలియజేస్తారు, అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు. మన దగ్గర ఇంటి ఆడమనిషిని ఏనాడైనా అడిగారా? అందరికన్నా ముందు ప్రమాదం పసిగట్టేది ఆమే కదా.

అందుకే రిపోర్టు హోటల్ దగ్గర కాకుండా ఇంట్లో కూర్చొని, ఇల్లాలిని విడిగా అడిగి రాయాలంటున్నాం. ఏడాదికోసారి తుపాకినీ, దాన్ని పెట్టిన చోటునూ చూడాలి. శిక్షణ మండల కేంద్రానికి రావాలి. ఠాణా, అటవీ శాఖ రెండూ గడువులో జవాబివ్వాలి, కాదంటే కారణం రైతు చేతికివ్వాలి. నాయకుడి ఆత్మరక్షణ రివాల్వరుకూ ఇదే తనిఖీ, ఇంతే కఠినంగా జరగాలి.

దరఖాస్తు పెట్టి జవాబు రాని సభ్యులు రసీదు నకలు, పంట నష్టం ఫొటోలు తీసుకొని వచ్చే మండల కమిటీ సమావేశానికి రండి. కారణం రాయకుండా తిరస్కరించి ఉంటే ఆ కాగితం కూడా తేవాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు, గడువు దాటక ముందే వేద్దాం. ఇంట్లో చనిపోయినవారి పేరు మీద తుపాకి ఉన్నవాళ్లు సమావేశం దాకా ఆగొద్దు, ముందు దాన్ని ఠాణాలో అప్పగించి రసీదు తీసుకోండి.