గ్లాసులో ఐసుముక్క లెక్క

"కొండల్లో బతికేవాళ్లు, మీకు సముద్రం గొడవ ఎందుకయ్యా?" అని అడుగుతున్నారు మమ్మల్ని. మా రాతల్లో పోడు ఉండాలి, ఇప్పపువ్వు ఉండాలి, డోలు మోత ఉండాలి. అంతవరకే మాకిచ్చిన చోటు. మంచు కరగడం, సముద్రం పెరగడం సైన్సు చదివినవాళ్ల సంగతట. కాదు, మా సంగతి కూడా అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఒక సభలో ఒక చదువుకున్నాయన గ్లాసు నీళ్లలో ఐసుముక్క వేసి అందరికీ చూపించాడు. ముక్క కరిగింది, నీళ్లు పైకి రాలేదు. "చూశారా, సముద్రం పెరుగుతుందనేది ఒట్టి బెదిరింపు" అన్నాడు. చప్పట్లు మోగాయి. మాలోనూ కొందరు కొట్టారు. అప్పటికి మాకూ జవాబు తెలియదు మరి.

ఇప్పుడు చెప్తున్నాం. తేలే ముక్క తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టి ఉంటుంది. కరిగితే ఆ చోటునే నింపుతుంది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద తేలే మంచు ఇలాంటిదే, దానితో నీటిమట్టం పెరిగేది నామమాత్రం. అంతవరకు ఆయన చెప్పింది నిజమే. కానీ గ్రీన్‌లాండ్ మంచు నీటి మీద తేలడం లేదు. నేల మీద కూర్చుంది, కొన్నిచోట్ల మూడు కిలోమీటర్ల మందాన. అది గ్లాసులోని ముక్క కాదు, గ్లాసు మీదికి వంచిన కుండ. ఆ కుండ మొత్తం ఖాళీ అయితే సముద్రం ఏడు మీటర్లకు పైగా లేస్తుంది. అంటార్కిటికా అయితే దాదాపు 58 మీటర్లు. రేపే కరుగుతుందని ఎవరూ అనడం లేదు, దానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. అయితే ధార మొదలైంది. 1901 నుంచి 2018 లోపు సముద్రం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 1971 వరకు ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు పెరిగేది, 2006 తర్వాత 3.7 మిల్లీమీటర్లు పెరుగుతోంది. ఇందులో కొంత నీరు వేడెక్కి ఉబ్బడం వల్ల, ఎక్కువ భాగం నేల మీది మంచు కరగడం వల్ల.

తేలే మంచునూ ఊరికే వదిలేయడానికి లేదు. 2002లో అంటార్కిటికాలో లార్సెన్-బి అనే మంచు పలక, మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నది, కొన్ని వారాల్లోనే ముక్కలైపోయింది. అది తేలేదే కాబట్టి దానితో సముద్రం పెరగలేదు. కానీ వాగుకు అడ్డం కట్టిన తడిక తీసేసినట్టు అయింది. దాని వెనక నేల మీదున్న హిమానీనదాలు వేగం పెంచి సముద్రంలోకి జారాయి.

ఇంకొక సంగతి మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అంత పెద్ద మంచు తన బరువుతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుంటుంది. మంచు తగ్గితే ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు గ్రీన్‌లాండ్ ఒడ్డున నీరు దిగుతుంది, దూరాన ఉన్న వేడి దేశాల ఒడ్డున సగటు కంటే ఎక్కువ లేస్తుంది. ఇన్నేళ్ల పొగలో పెద్ద వాటా ధనిక దేశాలది. నీళ్లు మాత్రం మన వైపుకి.

మరి ముందు మునిగేది ఎవరు? పనామాలో గార్డి సుగ్‌దుబ్ అనే చిన్న దీవి నుంచి గునా ఆదివాసులు, దాదాపు 300 కుటుంబాలు, 2024 జూన్‌లో ప్రధాన భూభాగానికి తరలారు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో జీన్ ఛార్లెస్ దీవి ఉంది. అక్కడి ఆదివాసుల నేల 1955 నుంచి 98 శాతం పోయింది. సముద్రం ఒక్కటే కాదు కారణం. చమురు కంపెనీలు తవ్విన కాలువలు, ఒండ్రు రాకుండా నదికి కట్టిన గట్లు కూడా.

ఒండ్రు అనగానే మాకు గోదావరి గుర్తొస్తుంది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. ఒండ్రు అందని డెల్టా కుంగుతుంది, అదే సమయంలో సముద్రం లేస్తుంది. ఉప్పాడలో ఇళ్లు కోసుకుపోవడానికి అలలు, ఇసుక కదలిక, ఇంకా చాలా కారణాలున్నాయి. అన్నీ సముద్ర మట్టం మీదే వేయం. అయినా ఒకటి అడుగుతాం. పైన కోయ, కొండరెడ్డి గూడేలను ముంచేదీ, కింద మత్స్యకారుల కాళ్ల కింది మట్టిని ఆపేదీ ఒకే కట్టడమైతే, మా గొడవ, వాళ్ల గొడవ వేరువేరు ఎలా అవుతాయి?

ముంపు అన్న మాట మాకు కొత్త కాదు. పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి మార్చారు. 41.15 కాంటూరు లోపల ఎవరు, 45.72 లోపల ఎవరు అని మా ఇళ్లను గీతలతో కొలిచారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వరద ఏ కాంటూరునూ అడిగి రాలేదు.

ఇంత జరుగుతుంటే మాకు చెప్పే పరిష్కారం ఏమిటంటే చెట్లు. ఎక్కడ? మా పోడులో. కొత్తగూడెం, మణుగూరు బొగ్గు మా నేల కింద నుంచే పోతుంది (అందులో మా వాళ్లూ కూలికి వెళ్తున్నారు, దాచం), దాన్ని కాల్చిన కరెంటు తీగలు మా గూడేల మీదుగానే పట్నాలకు పోతాయి. కాలేదంతా అక్కడ లెక్కకు రాదు. కొండవాలున ఎకరం జొన్న వేసుకుంటే మాత్రం అడవి నాశనం, వాతావరణం నాశనం.

పోయిన వానాకాలానికి ముందు మాలో ఒకరి చేను చుట్టూ కందకం తవ్వి మొక్కలు నాటారు. ఆయన 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ఇప్పటికీ ఆఫీసులోనే ఉంది. కందకానికి ఒక్క పగలు పట్టింది.