ఒప్పంద పత్రం మన ఊరికి రావాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజలకు మా ప్రణాళిక.

2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం దక్షిణ కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర ఐదు వందలకు పైగా ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల లెక్క. చెనక్కాయ చేలు ఎండిపోయే ఈ సీమలో గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు ఫ్యాక్టరీకి అందాయి. 2019 జనవరిలో తొలి కారు బయటికొచ్చిన వేడుకలో ముఖ్యమంత్రితో పాటు దక్షిణ కొరియా రాయబారి కూడా ఉన్నారు. భూమి ఇచ్చిన ఊరి తరఫున ఆ వరసలో నిలబడింది ఎవరు? ఈ ఉద్యమం ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

కియా పొమ్మని మేం అనడం లేదు. మన పిల్లలు అక్కడ పని చేస్తున్నారు, చేయాలి కూడా. కానీ అంత పెద్ద కంపెనీ ఒంటరిగా రాదు, వెనకాల దాని దేశం వస్తుంది. కొరియా పెట్టుబడిదారుల కోసం 2016లో ఢిల్లీలో కొరియా ప్లస్ అని ప్రత్యేక విభాగమే తెరిచారు. సొంత దేశంలో ఆ కంపెనీ మాట ఎంత చెల్లుతుందో తెలియకుండా ఇక్కడ బేరమాడలేం.

కియా హ్యుందాయ్ వారిది. హ్యుందాయ్‌ను స్థాపించిన చుంగ్ జు-యుంగ్ 1992లో ఏకంగా దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. ఆయన కొడుకు చుంగ్ మోంగ్-కూకు కంపెనీ సొమ్ము దారి మళ్లించిన కేసులో 2007లో మూడేళ్ల శిక్ష పడింది. దేశ ఆర్థిక వ్యవస్థకు ఆయన అవసరమని పైకోర్టు జైలు తప్పించింది. 2008 ఆగస్టులో అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ క్షమాభిక్ష పెట్టాడు. ఆ లీ ఒకప్పుడు హ్యుందాయ్ నిర్మాణ సంస్థను నడిపినవాడే.

అదే కొరియాలో జనం కొవ్వొత్తులు పట్టుకుని చలికాలమంతా వీధుల్లో నిలబడ్డారు. కంపెనీల డబ్బుతో చిక్కుపడ్డ అధ్యక్షురాలు పార్క్ 2017 మార్చిలో పదవి పోగొట్టుకుంది. రెండు నెలలు తిరక్కుండానే ఇక్కడ మన ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. కంపెనీని, సర్కారును కలిపి నిలదీయడం ఆ జనం దగ్గర నేర్చుకుంటాం. అక్కడి కార్మిక సంఘాలకు ఉత్తరాలు రాస్తాం.

మన గాయం పాతది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,844 ఎకరాలు పోయాయి, చెప్పిన ఉద్యోగాలు రాలేదు. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో చట్టం చేశారు. అది ఏ ఫ్యాక్టరీలో ఎంత అమలైందో ఊరివాళ్లకు లెక్క చెప్పినవారు లేరు. ఫ్యాక్టరీలే కాదు, చైనా పట్టు మీద సుంకం ఢిల్లీలో మారితే హిందూపురం మార్కెట్లో గూళ్ల ధర కదులుతుంది, ధర్మవరం మగ్గం దాకా ఆ సెగ తగులుతుంది. నేతన్న తరఫున మాట్లాడే రాయబారి ఏ రాజధానిలోనూ లేడు.

అందుకే అడుగుతున్నాం. ప్రతి ఒప్పందమూ, రాయితీల జీవో, నీటి కేటాయింపు తెలుగులో గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. సంతకానికి ముందే గ్రామసభ జరగాలి. కాంట్రాక్టు పనివాళ్లెందరు, పర్మినెంటు ఎందరు, అందులో మన మండలాలవారెందరు అన్నది ఏటా చదివి వినిపించాలి. విదేశీ కంపెనీ పెద్దలను, రాయబారులను మన మంత్రులు కలిస్తే ఏం మాట్లాడారో బయటపెట్టాలి.

మొదటి సభ ఎర్రమంచిలో. భూములిచ్చినవాళ్లు పాత పాసుపుస్తకాలు వెంట తెచ్చుకోండి.