ముసలి పిల్లికి లంఖణం పనికిరాదు

వెనకటి రోజుల్లో ఇంట్లో పిల్లి ఎలకల కోసం ఉండేది. దాని వయసెంతో ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఇప్పుడలా కాదు. పిల్లి ఇంటి మనిషయింది. వేళకు తిండి, టీకాలు, మెత్తని పడక అమరేసరికి పద్నాలుగు, పదిహేనేళ్లు హాయిగా బతుకుతోంది. వయసు పెరిగినప్పుడు మనకు వచ్చినట్లే దానికీ ముసలితనపు జబ్బులు వస్తాయి. వాటిలో ముఖ్యమైనది కిడ్నీ జబ్బు. పదేళ్లు దాటిన పిల్లుల్లో దాదాపు మూడింట ఒకదానికి ఇది ఎంతో కొంత ఉంటుంది.

ఈ శీర్షిక మనుషుల ఆరోగ్యం కోసం కదా, పిల్లి సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. నేను చదివింది మనుషుల వైద్యమే. అయితే ప్రభుత్వాసుపత్రిలో మా దగ్గర బి.పి.కి, కిడ్నీకి మందులు తీసుకువెళ్లేవారిలో కొందరు ఆ మందులూ, మేము చెప్పిన పథ్యమూ ఇంట్లో పిల్లికి కూడా పెడుతున్నారు. ప్రేమతోనే పెడుతున్నారు. కాని దానివల్ల పిల్లి ప్రాణం మీదికి వస్తోంది. పిల్లి అంటే చిన్న మనిషి కాదు. దాని శరీర ధర్మం వేరు. ఈ విషయంలో పశువైద్యులు చెప్పే జాగ్రత్తల్లో ఇంట్లో మీరు చేయవలసినవి ఏవో ఈ వారం తెలుసుకుందాం.

జబ్బును కనిపెట్టడం ఎలా?

మన కిడ్నీ ఒక్కొక్క దానిలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు సుమారు పది లక్షలు ఉంటాయి. పిల్లి కిడ్నీలో ఉండేవి సుమారు రెండు లక్షలే. ఒకసారి నశించిన నెఫ్రాను మళ్లీ పుట్టదు. మూడింట రెండు వంతులు పోయేసరికి కిడ్నీకి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. అప్పుడు మూత్రం నీళ్లలా ఎక్కువగా పోతుంది. పోయిన నీటిని భర్తీ చేసుకోవడానికి పిల్లి మాటిమాటికీ గిన్నె దగ్గరికి వెళుతుంది. "ఈ మధ్య మా పిల్లి నీళ్లు బాగా తాగుతోందండీ, ఒంటికి మంచిదే కదా" అని సంతోషించేవారున్నారు. పెద్ద వయసు పిల్లి అకస్మాత్తుగా ఎక్కువ నీళ్లు తాగడం మొదలుపెడితే అది సంతోషించవలసిన విషయం కాదు, పరీక్ష చేయించవలసిన విషయం.

బరువు తగ్గడం, బొచ్చు నిగనిగలాడకపోవడం, వాంతులు, మలబద్ధకం, నోటి దుర్వాసన తక్కిన లక్షణాలు. బరువు తగ్గడం కొన్ని పిల్లుల్లో జబ్బు బయటపడడానికి రెండు మూడేళ్ల ముందునుంచే మొదలవుతుంది. అందువల్ల ఎనిమిదేళ్లు దాటిన పిల్లిని నెలకోసారి తూచి, ఆ అంకె కాలెండరు మీద రాసుకోండి. నాలుగు కిలోల పిల్లి పావుకిలో తగ్గిందంటే, అరవై కిలోల మనిషి దాదాపు నాలుగు కిలోలు తగ్గినట్లు!

మధుమేహం, థైరాయిడ్ జబ్బులలో కూడా ఇవే లక్షణాలు కొన్ని కనిపిస్తాయి కనుక పైకి చూసి తేల్చుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్, ఫాస్ఫరస్, పొటాషియం, మూత్రంలో చిక్కదనం, ప్రోటీను, వీటితోపాటు బి.పి. కూడా చూడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. మనుషుల లాబరేటరీలో పరీక్ష చేయిస్తే రిపోర్టు పక్కన అచ్చయి ఉండేవి మనుషుల కొలతలు. పిల్లి లెక్క వేరు. 1998లో వియన్నాలో ఏర్పడిన అంతర్జాతీయ పశువైద్య బృందం విభజన ప్రకారం పిల్లికి క్రియాటినిన్ డెసిలీటరుకు 1.6 మిల్లీగ్రాముల నుంచి 2.8 దాకా ఉంటే రెండో దశ, 2.9 నుంచి 5 దాకా మూడో దశ, 5 దాటితే నాలుగో దశ. కాబట్టి రిపోర్టు చూసి మీరే బెంబేలు పడకండి. "ఫరవాలేదు" అని మీరే తీర్పూ చెప్పకండి. పశువైద్యునికి చూపించండి.

పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

"లంఖణం పరమౌషధం" అన్నది మన పెద్దల మాట. అజీర్తి చేసిన మనిషికి ఒక పూట సరిపోతుందేమో కాని, పిల్లి విషయంలో ఈ మాట పూర్తిగా మరచిపోవాలి. పిల్లి రెండు మూడు రోజులు సరిగా తినకపోతే ఒంట్లోని కొవ్వు వచ్చి లివరులో పేరుకుంటుంది. కిడ్నీ జబ్బుకు లివరు జబ్బు తోడవుతుంది. అందుకే ముసలి పిల్లి ఒక పగలూ ఒక రాత్రీ ఏమీ ముట్టకపోతే మూడో రోజు దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

మా ఓ.పి.కి వచ్చే ఒక పెద్దావిడకు కిడ్నీ జబ్బు ఉంది. మాంసకృత్తులు తగ్గించాలని ఆమెకు చెప్పాం. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లికి కూడా కిడ్నీ జబ్బేనని తేలేసరికి, తను తినే చప్పిడి పెరుగన్నమే దానికీ పెట్టడం మొదలుపెట్టింది. "ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే పథ్యం డాక్టరుగారూ" అంది. రెండు నెలల్లో పిల్లి వెన్నెముక చేతికి తగలడం మొదలైంది. "అమ్మా, మీరు అన్నంతో బతకగలరు. అది బతకలేదు. ముందు పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి" అని పంపించాను. అక్కడ తిండి మార్చి, వాంతికి మందిచ్చాక అది నెమ్మదిగా కోలుకుంది.

పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని చాలినంతగా అది సొంతంగా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే తీసుకోవాలి. టారిన్ చాలకపోతే కంటిచూపు దెబ్బతింటుంది. గుండె కండరాలు కూడా బలహీనపడతాయని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పశువైద్యులు కనుగొన్నారు. శాకాహారుల ఇళ్లలో పిల్లిని పెంచేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే ఏం పెట్టాలి? కిడ్నీ జబ్బు పిల్లికి ముఖ్యంగా తగ్గించవలసింది ఫాస్ఫరస్. ఇందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారం డబ్బాల్లోనూ, పాకెట్లలోనూ దొరుకుతుంది. రెండో దశ నుంచి దీన్ని వాడితే పిల్లి ఎక్కువ కాలం బతుకుతుంది. కాని ఒక్కరోజులో మార్చకండి. పాత తిండిలో ఒక చెంచాతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తిగా మార్చండి. వాంతులవుతున్న రోజుల్లో కొత్త తిండి పరిచయం చేయకండి. ఆ వికారం ఆ తిండివల్లే వచ్చిందని పిల్లి గుర్తుపెట్టుకుంటుంది, తరవాత జన్మలో ముట్టదు.

ఎంత ప్రయత్నించినా ప్రత్యేక ఆహారం తినకపోతే? అలవాటైన తిండే తిననివ్వండి. ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి ఉంచే పొడి ఆ తిండిలో కలపమని డాక్టరు చెబుతారు. తినని మంచి తిండికన్నా తినే మామూలు తిండి మేలు.

ఇంట్లో వండి పెట్టేవారు ఎముకలు లేని ఉడికించిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు తెల్లసొన పెట్టవచ్చు. తెల్లసొనలో మంచి ప్రోటీను ఉంది, ఫాస్ఫరస్ తక్కువ. కాని ఇవే నెలల తరబడి పెడితే టారిన్, కాల్షియం చాలవు. డాక్టరు సలహాతో వాటిని విడిగా ఇవ్వాలి. ఎండుచేపలు వద్దు, వాటిలో ఉప్పు, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. పాలు చాలా పిల్లులకు విరేచనాలు చేయిస్తాయి. మనం వండుకున్న చేపలపులుసు, కోడికూర అసలే వద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

తిండి కొంచెం గోరువెచ్చగా చేసి, రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా, వెడల్పు పళ్లెంలో పెట్టండి. పిల్లి ఆశగా పళ్లెం దాకా వచ్చి, వాసన చూసి, పెదవులు నాక్కుని వెనక్కి తిరిగిందంటే అది పెంకితనం కాదు, కడుపులో వికారం. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. వికారానికి మారోపిటాంట్, ఆకలికి మిర్టాజపిన్ వంటి మందులున్నాయి. నోరు తెరిచి బలవంతంగా కుక్కకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

నీళ్లు

మూత్రం ఎక్కువ పోస్తోందని రాత్రిపూట నీళ్ల గిన్నె తీసివేసేవారున్నారు. ఇది పెద్ద పొరపాటు. పిల్లి నీళ్లు తాగుతోంది కాబట్టి మూత్రం పోయడం లేదు. మూత్రం ఆగక పోతోంది కాబట్టి తాగుతోంది. ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో నీళ్లు ఉంచి రోజూ మార్చండి. పొడి గింజల తిండిలో నీరు నూటికి పది పాళ్లే, డబ్బాలోని తడి తిండిలో సుమారు ఎనభై పాళ్లు. కనుక తడి తిండి మంచిది. జబ్బు ముదిరిన పిల్లికి చర్మం కింద సెలైను ఎక్కించే పద్ధతి ఉంది. డాక్టరు నేర్పితే ఇంట్లోనూ చేయవచ్చు. గుండెజబ్బు ఉన్న పిల్లికి మాత్రం ఇది ప్రమాదం.

మందు పేరు ఒకటే, మోతాదు వేరు

బి.పి. పెరిగితే పిల్లికి ఉన్నట్టుండి చూపు పోవచ్చు. అందుకు వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ మన ఇళ్లలో తాతలూ బామ్మలూ మింగేవే. ఇక్కడే ప్రమాదం. నాలుగు కిలోల పిల్లికి సాధారణంగా ఆమ్లోడిపిన్ 0.625 మిల్లీగ్రాములు, అంటే మన 5 మిల్లీగ్రాముల మాత్రలో ఎనిమిదో వంతు. టెల్మిసార్టన్ కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెడితే నాలుగు మిల్లీగ్రాములు. మన మాత్ర 40 మిల్లీగ్రాములది, అంటే పది రెట్లు! మీ చీటీ చూసి పిల్లికి ఎప్పుడూ మందు వేయకండి.

పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివరుకు లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు చంపడానికి. ఇబుప్రొఫేన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోతున్నాయనే మనదేశంలో 2006లో పశువులకు దాని వాడకాన్ని నిషేధించారు. పూలగుత్తుల్లో వచ్చే లిల్లీలు కూడా పిల్లి ఉన్న ఇంట్లో పెట్టకండి. ఆకు నమిలినా, పుప్పొడి నాకినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పూర్తిగా దెబ్బతింటాయి.

మాత్ర వేసే పద్ధతి చెబుతాను. పిల్లిని తువాలులో చుట్టి బల్లమీద కూర్చోబెట్టండి. తల పైనుంచి ఒక చేత్తో రెండు దవడ ఎముకలూ పట్టుకుని ముక్కును పైకి ఎత్తితే కింది దవడ కొద్దిగా తెరుచుకుంటుంది. మాత్రను నాలుక వెనక, మధ్యగా జారవిడవండి. వెంటనే సూది తీసేసిన సిరంజితో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు నోటి పక్కనుంచి నెమ్మదిగా పట్టండి. నీళ్లు పట్టకపోతే మాత్ర గొంతు కింద అంటుకుని పుండు చేయవచ్చు. చేదు మాత్రను పొడిచేసి రోజూ తినే తిండిలో కలపకండి. మందూ పోతుంది, తిండీ పోతుంది. ఫాస్ఫరస్ పొడి మాత్రం తిండితోనే ఇవ్వాలి, విడిగా ఇస్తే పనిచేయదు.

ఎంతకాలం?

ఈ జబ్బు నయమయ్యేది కాదు, నెమ్మదింపజేసేది. రెండో దశలో కనిపెట్టిన పిల్లులు జాగ్రత్తగా చూస్తే రెండు మూడేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా బతుకుతున్నాయి. నాలుగో దశలో అయితే నెలల లెక్కే. అప్పుడు ఇంటిల్లిపాదీ ఒక్కటే అడుగుతారు, "ఇంకా మందులు వేస్తూ దాన్ని బాధపెట్టాలా?" అని. దీనికి జవాబు కాలెండరులో ఉంది. పిల్లి తనంతట తాను తిన్న రోజున, ఒళ్లు నాక్కున్న రోజున, మీ దగ్గరికి వచ్చి కూర్చున్న రోజున ఒక గీత పెట్టండి. గీతలు లేని రోజులే ఎక్కువైనప్పుడు పశువైద్యునితో మనసు విప్పి మాట్లాడండి. బాధ లేకుండా సాగనంపే మార్గం కూడా వైద్యంలో భాగమే. తిండి మానేసింది కదా అని మూల పడుకోబెట్టి రోజులు లెక్కపెట్టడం మాత్రం దయ కాదు.

ఈ రోజే ఒక పని చేయండి. మీ మాత్రల డబ్బా ఒక అలమరలో, పిల్లి మందుల డబ్బా ఇంకో అలమరలో పెట్టి, రెండో దాని మీద దాని పేరు, బరువు, మోతాదు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఇంట్లో ఎవరు మందు వేసినా పొరపాటు జరగదు.