చెరువులు మనవి, ఈత మన పిల్లలకు రాదు

శనివారం పొద్దెక్కేసరికి ములుగు మీదుగా కార్ల వరుస మొదలవుతుంది. జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర కొన్ని రామప్పకు మళ్లుతాయి. కొన్ని ఇంకాస్త ముందుకు పోయి లక్నవరం దారి పడతాయి. మిగిలినవి తాడ్వాయి అడవి దాటి బొగత జలపాతం దాకా వెళ్తాయి. వచ్చేవాళ్లు రావాలి. 2019 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రమయ్యేదాకా, మేడారం జాతర రోజుల్లో తప్ప ములుగు పేరు బయట పెద్దగా వినపడేది కాదు. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. లక్నవరంలో వేలాడే వంతెనలు, దీవుల మీద కాటేజీలు వచ్చాయి. రోడ్డు వెంట హోటళ్లు లేచాయి. మక్కకంకులు కాల్చి అమ్మే ఆడవాళ్లకు నాలుగు రూపాయలు మిగులుతున్నాయి. అది మంచిదే.

నా బాధ వేరే ఉంది. ఇన్ని చెరువుల నడుమ పుట్టి పెరుగుతున్న మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు ఎంతమంది? ఏ బడికైనా వెళ్లి తొమ్మిదో తరగతి గదిలో చేతులెత్తమనండి. మగపిల్లల్లో కొద్దిమంది ఎత్తుతారు. ఆడపిల్లల్లో ఒక్క చెయ్యి లేస్తే గొప్ప. ఎండాకాలం సెలవులు రాగానే పేపర్లో జిల్లా పేజీ తిప్పాలంటే గుండె దడదడలాడుతుంది. చెరువులో స్నానానికి దిగిన పిల్లలు, ఒకణ్ణి కాపాడబోయి మునిగిన ఇంకొకడు, ఒడ్డున చెప్పులు, బట్టలు. ఏటా ఇదే వార్త, ఊరి పేరొక్కటే మారుతుంది.

మనకు చెరువులు కొత్త కాదు. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించిన చోటే, గుడికి నడిచి పోయే దూరంలో చెరువూ ఉంది. నర్సంపేట పక్క పాకాల చెరువును జగదాళ ముమ్మడి కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. లక్నవరం సంగతి మరీ ముచ్చట. కొండలనే గోడలుగా వాడుకుని, వాటి మధ్య సందులకు మాత్రం చిన్న కట్టలు వేశారు. ఇవాళ మనం దీవులంటున్నవి, ఆ నీళ్లలో మునగకుండా మిగిలిన గుట్టల కొసలే. అంత తెలివీ పెట్టింది పొలాల కోసం. తూము తీస్తే కాలువల్లో నీళ్లు పారాలి, ఆయకట్టు తడవాలి. బోటు షికారు చేసేవాళ్లు ఈ మాట మరిచిపోయినా పర్వాలేదు గానీ, చెరువును నడిపేవాళ్లు మరిచిపోకూడదు. యాసంగి పంట పొట్టకొచ్చేవేళకు చెరువు దిగుతుంది, ఆ వెంటనే సెలవుల జనం మొదలవుతారు. నీళ్లు నిండుగా ఉంటే బోటుకు అందం, పొలానికి పారితే రైతుకు అన్నం. ఈ రెండింటికీ ఎప్పుడు పోటీ వచ్చినా రైతు మాటే చెల్లాలి. ఇందులో బేరం లేదు.

అయితే పొలానికని కట్టిన చెరువు ఎన్నడూ ఒక్క పొలానికే మిగల్లేదు. మనవాళ్ల సరదాలన్నీ దాని చుట్టే అల్లుకున్నాయి. నాలుగు పెద్ద వానలు పడి చెరువు నిండిందంటే, మత్తడి దుంకుతోందన్న కబురు పొద్దున్నే ఊరంతా పాకుతుంది. చాయ్ సగంలో వదిలేసి బండి తీస్తారు. ముసలమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని పోతారు. మత్తడి రాళ్ల మీద నీళ్లు ముందు పల్చగా జారతాయి. మధ్యాహ్నానికి చప్పుడు పెరిగి, పక్కనున్న మనిషి మాట వినపడదు. కింద మడుగులోంచి చేపలు ఆ ధారకు ఎదురెక్కుతాయి. ఎగిరి రాయికి తగిలి పడతాయి, మళ్లీ ఎగురుతాయి. పిల్లలు పాత చీర నాలుగు కొసలు పట్టుకుని మోకాలి లోతులో నిలబడతారు. చీరలో చిన్న పరకలు పడితేనే కేకలు. కొర్రమీను పడిందా, ఆ ఇంటికి ఆ పూట చుట్టాలొచ్చినట్టే. ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దండం పెట్టుకుంటారు. కొన్నాళ్లకు అదే కట్ట మీదికి బతుకమ్మలు వస్తాయి. దీనికి టికెట్టు లేదు, బోర్డు లేదు, ఆన్‌లైన్ బుకింగ్ లేదు. ఏ పర్యాటక ప్రణాళికలోనూ ఇది కనపడదు. నన్నడిగితే మన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద ఆటవిడుపు ఇదే.

ఈత ఎందుకు పోయిందో కూడా చెప్పుకోవాలి. మా ముందు తరం ఈత నేర్చింది చెరువులో కాదు, వ్యవసాయ బావుల్లో. నడుముకు బెండ్లు కట్టి, మేనమామో చిన్నాయనో మెట్ల మీద నిలబడి, పిల్లవాణ్ణి నీళ్లలోకి తోసేవాడు. నాలుగు గుక్కలు మింగాక కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడేవి. చెరువుకు దిగేది ఆ తర్వాతే. బోర్లు వచ్చాక ఆ బావులు ఎండిపోయాయి, చాలా వాటిని పూడ్చేశారు. బడి పోయింది. నీళ్లు మాత్రం ఉన్నాయి.

రెండో కారణం చెరువు లోపల ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసి రైతులు పొలాలకు మట్టి తోలుకున్నారు. అది మంచి పని. కానీ అదే చెరువుల్లో ఆ తర్వాత ఇటుక బట్టీలకని, వెంచర్లకని ఇష్టమొచ్చిన చోట మట్టి తవ్వి గుంతలు అలాగే వదిలేశారు. నీళ్లు నిండాక ఆ గుంత కనపడదు. మోకాలి లోతనుకుని వేసిన అడుగు రెండు నిలువుల లోతుకు తీసుకుపోతుంది. చిన్నప్పటి నుంచి ఆ చెరువులో తిరిగిన మనిషి కూడా ఇవాళ దాని అడుగును నమ్మలేడు. అందుకే తల్లిదండ్రులు పిల్లల్ని కట్ట ఎక్కనివ్వరు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ చెరువుకు దూరంగా పెంచిన పిల్లలు ఎల్లకాలం దూరంగా ఉండరు. పదహారేళ్లు రాగానే స్నేహితులతో దొంగచాటుగా వెళ్తారు. చేతిలో ఫోను ఉంటుంది, ఒంట్లో ఈత ఉండదు.

నీళ్లను తెలుసుకోకపోతే ఏమవుతుందో 2023 జూలైలో ఈ జిల్లా చూసింది. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. ఆ వానల్లోనే ముత్యంధార జలపాతం చూడటానికి పోయిన పదుల మంది, వాగు అడ్డం వచ్చి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు దళం వెళ్లి వాళ్లను బయటికి తెచ్చింది. వాగు ఎప్పుడు దాటాలో, ఎప్పుడు ఆగాలో చెప్పగలిగినవాళ్లు ఆ చుట్టుపక్కల గూడేల్లోనే ఉంటారు. జలపాతాల దారుల్లో వాళ్లకు జీతమిచ్చి నిలబెట్టాలి.

చెరువు దగ్గర కూడా గురువుల్ని వెతుక్కోనక్కర్లేదు. ఊరూరా మత్స్య సహకార సంఘాలున్నాయి. వల వేసేవాడికి ఏ మూల బురద ఉందో, ఏ మూల గుంత ఉందో, ఏ వేళకు గాలి మళ్లుతుందో తెలుసు. ఎండాకాలంలో వాళ్లలో ఇద్దరు ముగ్గురికి కూలి కట్టిస్తే చాలు. నీళ్లు దిగినప్పుడు ఒక ఒడ్డున గుంతలు పూడ్చి, కర్రలు పాతి, తాడు కట్టి, నడుము లోతు జాగా పిల్లలకు కేటాయించవచ్చు. తూము ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో కట్ట మీద బోర్డు రాసి పెట్టొచ్చు. కాటేజీలకు, వంతెనలకు డబ్బు దొరికినప్పుడు దీనికి దొరకదంటే నేను నమ్మను. బోటు టికెట్టు మీద వచ్చే డబ్బులో కొంత భాగం ఈ పనికి పెట్టమని గ్రామసభలు తీర్మానం చేసి అడగాలి. రోజంతా వచ్చినవాళ్ల చెత్త ఎత్తే ఊరికి అలా అడిగే హక్కుంది.

ఇంకో మాట. బావుల కాలంలో కూడా ఈత ఎక్కువగా మగపిల్లలకే దక్కింది. అక్కాచెల్లెళ్లు బావిగట్టు మీద బట్టలు కాపలా కాశారు. ఇప్పుడు మొదలుపెట్టేటప్పుడైనా పొద్దుటి గంట ఆడపిల్లలకు విడిగా ఇవ్వాలి. నేర్పే ఆడమనిషి ఊళ్లో లేకపోతే వరంగల్ నుంచైనా పిలిపించాలి. కస్తూర్బా బడులు, ఆశ్రమ పాఠశాలలు చెరువులకు ఎంతో దూరంలో లేవు. మొదటి జట్టు అక్కడి నుంచే రావచ్చు.